మెత్తటి సామాను

"నీ బట్టలదేముంది, సందుల్లో దూర్చేసుకో," అన్నాడు భర్త, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

ఆమె నేలమీద బాసింపట్టు వేసుకుని, పెద్ద సూట్‌కేసు చక్రం పక్కన అంటుకుపోయిన పాత ట్యాగుని గోటితో గీకుతోంది. రెండేళ్ల కిందట ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చిన ప్రయాణం తాలూకు ట్యాగు అది. చూడ్డానికి పెచ్చులూడిన తెల్ల కాగితం ముక్క. కానీ ఒక పెట్టెని ఎక్కడికైనా తప్పుదారి పట్టించడానికి ఆ ముక్క చాలు. విమానాశ్రయంలో పెట్టెల మీది ట్యాగుల్ని మనుషులు చదవరు, ఎర్రటి వెలుగొకటి చదువుతుంది. దానికి ఏ నల్లగీతలు ముందు కనబడితే అదే ఊరు. అందుకే కౌంటరు దగ్గరికి ఏడుపు మొహాలతో వచ్చే ప్రతివాళ్లకీ ఆమె చెబుతుంది: పాత ట్యాగులు పీకెయ్యండి, పెట్టె లోపల కూడా పేరూ ఫోన్ నంబరూ రాసిన కాగితం పెట్టండి, మందులూ ముఖ్యమైన కాగితాలూ ఒక జత బట్టలూ చేతిసంచీలోనే ఉంచుకోండి, అన్నిటికంటే ముందు తక్కువ పట్టుకెళ్లండి. పందొమ్మిదేళ్లుగా ఆమె ఉద్యోగం అదే. పోయిన సామాన్ల కౌంటరు.

ఊరందరికీ చెప్పే ఆ మాట ఇంట్లో మాత్రం చెల్లలేదు. రేపు పొద్దున తొమ్మిదిన్నరకి విమానం. పెళ్లయ్యాక ఆమె ఒక్కతే చేస్తున్న మొదటి ప్రయాణం. దారితప్పిన సామాన్లన్నిటినీ ఒకచోట కూర్చుని వెతికించే కొత్త ఉద్యోగం ఒకటి కంపెనీ ప్రకటించింది. ఉన్న ఊళ్లోనే, మేడమీద గది, కిటికీ, కింద పనిచెయ్యడానికి పదిమంది. దానికి పెద్దాఫీసులో పరీక్ష. నెగ్గినవాళ్లకి మూడు రోజులు శిక్షణ, ఉండడానికి గది. పరీక్ష కాగితం ఆమెకి కంఠతా వచ్చేసింది. 'మధ్యాహ్నం పన్నెండున్నరకు తలుపు మూయబడును. చేతిసంచీ తప్ప సామాను అనుమతించబడదు.' విమానం దిగేది పదకొండూ యాభైకి. పెద్దాఫీసు విమానాశ్రయం గేటు దాటితే పావుగంట నడక.

ఇంత చక్కగా అమరిన లెక్కలోకి ఈ సూట్‌కేసు వచ్చి కూర్చుంది.

"ఎలాగూ వెళ్తున్నావుగా," అన్నాడు భర్త, వారం కిందట. "చెల్లికి కొన్ని సామాన్లు పట్టుకెళ్లు. కంపెనీ గదిలో ఒక్కదానివీ ఏం చేస్తావ్, దానింట్లోనే ఉండు."

ఆడపడుచు ఫోన్ స్పీకర్లో మహా సంబరపడిపోయింది. "వదినా, ఆ సాయంత్రమే మా ఆయన ఆఫీసు వాళ్లు భోజనానికొస్తున్నారు. గిన్నెల సెట్టూ, అమ్మ కుట్టిన కర్టెన్లూ మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉండాలి. దిగగానే టాక్సీ ఎక్కేసెయ్, గంటన్నరలో వచ్చేస్తావ్. నువ్వొచ్చావంటే ఇంక వంట సంగతి నేను చూసుకోనక్కర్లేదు, ఆ బెంగ తీరిపోయింది నాకు!"

"పరీక్ష ఉంది కదమ్మా..."

"అదేదో చూసుకునే రా వదినా. కానీ రెండింటిలోపల రా."

ఫోన్ పెట్టేశాక ఆమె భర్తకి లెక్క చెప్పి చూసింది. "ఆ ఊళ్లో పెట్టె బెల్టు మీదికి రావడానికే నలభై నిమిషాలు పడుతుందండీ. నాకు తెలుసుగా. అది పట్టుకుని బయటపడేసరికి తలుపు మూసేస్తారు."

"ఓ గంట ఆలస్యంగా వస్తానని ఫోన్ చేసి చెప్పు. మనుషులన్నాక ఆ మాత్రం అర్థం చేసుకోరా? నీదేమన్నా విమానం నడిపే పరీక్షా!" అని నవ్వాడు. కోపంగా అని ఉంటే ఆమె ఏదో ఒకటి అనేది. నవ్వాడు. ఆయన నవ్వినప్పుడు ఇంట్లో అందరూ నవ్వాలి. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు తన మొహం మీద ఎంతసేపు ఉండిపోయిందో, వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించాక గాని ఆమెకి తెలియలేదు.

ఇప్పుడు పెట్టె నోరు తెరుచుకుని నేలమీద పడుకుని ఉంది. అడుగున దుప్పటి, దానిమీద కర్టెన్లు, ఒకదాంట్లో ఒకటి ఇమిడే ఏడు స్టీలు గిన్నెలు, వాటికి ఐదు గాజు మూతలు, ఒక గోడ గడియారం, మేనల్లుడికి రెండు జతల బూట్లు. అత్తగారు మంచమ్మీద కూర్చుని కాళ్లూపుతూ పర్యవేక్షిస్తోంది.

"అమ్మాయ్, ఆ గిన్నెలు అలా వదిలెయ్యకు. ఒకదానికొకటి తగిలి సొట్టలు పడతాయి. మధ్యలో నీ బట్టలు పెట్టు."

"నా బట్టలా అత్తయ్యా?"

"ఆఁ. ఆడవాళ్ల బట్టలు మెత్తగా ఉంటాయి. ఎక్కడైనా ఇముడుతాయి."

ఆమె చేతులు అప్పటికే ఆ పని చేసేస్తున్నాయి. పరీక్షకని ఇస్త్రీ చేసి పెట్టుకున్న బూడిదరంగు జతని మడత విప్పి, పెద్ద గిన్నెకీ దానిలోపలి గిన్నెకీ మధ్య చుట్టూ దోపుతున్నాయి. ఇరవై ఏళ్ల అలవాటు. ఏ ప్రయాణమైనా అంతే. ఆయన చొక్కాలు మడత నలగకుండా పైన, అత్తగారివి ఒక పక్కగా, పిల్లవి మధ్యలో, తనవి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. బూట్లలో, మూలల్లో, జిప్పు పక్కన. దిగాక తన బట్టలు ఏరుకోవడానికి అందరి పెట్టెలూ తిరగాలి.

ఎనిమిదో తరగతి చదివే కూతురు గుమ్మంలో నిలబడి జామెట్రీ పెట్టె మూతని టక్ టక్‌మనిపిస్తూ చూస్తోంది. "అమ్మా, నీ పెట్టె ఏది?"

"ఇదేగా."

"ఇది అత్తదిగా?"

అత్తగారి కాళ్లు ఊగడం ఆగి, మళ్లీ మొదలైంది.

ఆమెకి నీలం సంచీ గుర్తొచ్చింది.

కౌంటరు వెనకాల ఒక గది ఉంది. కిటికీలు లేవు. ఎవరూ తీసుకెళ్లని సామాన్లు అక్కడ అరల మీద నిద్రపోతుంటాయి. ఆమెకి వాటిని చూస్తే ఎప్పుడూ అలాగే అనిపిస్తుంది, నిద్రపోతున్నాయని. కొన్ని బోర్లా, కొన్ని పక్కకి తిరిగి, కొన్ని ఒకదాని భుజమ్మీద ఒకటి తలవాల్చి. మధ్యాహ్నం విమానాలు తక్కువగా ఉండే వేళ ఆమె ఆ గదిలోకి వెళ్లి ఊరికే నిలబడుతుంది. గోడ అవతల బెల్టు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది. దూరాన ఎక్కడో సముద్రం ఊపిరి పీల్చి వదులుతున్నట్టు. ఎక్కడెక్కడి ఇళ్లో ఆ పెట్టెల్లోంచి వాసనలుగా బయటికొస్తుంటాయి. సబ్బు, నాఫ్తలీను, ఎవరిదో తలనూనె.

తొంభై రోజులు చూస్తారు. తర్వాత పెట్టె తెరిచి, లోపలున్నవి ఒక్కొక్కటీ రాయాలి. తాళం తీసేది తాళాల బాబాయ్. ఇంకో రెండేళ్లలో రిటైరయ్యే మనిషి. ఎంతటి తాళమైనా ఆయన చేతిలో అర నిమిషం. రాసేది ఆమె. ఇన్నేళ్లలో ఆమెకొక సంగతి తెలిసింది. పెట్టె పోయిందని వచ్చిన మగవాళ్లు దాని రంగు చెబుతారు, కంపెనీ చెబుతారు, చక్రాలెన్నో చెబుతారు. లోపల ఏమున్నాయండీ అని అడిగితే వెనక్కి తిరిగి భార్య మొహం చూస్తారు.

మూడు నెలల కిందట ఆ నీలం సంచీ వంతు వచ్చింది. గుడ్డసంచీ, తాళం కూడా లేదు. "దీనికి నేనెందుకు తల్లీ, నువ్వే లాగెయ్," అన్నాడు బాబాయ్. తూకం ఐదు కిలోల రెండొందల గ్రాములు. రెండు జతల బట్టలు. రాత్రి వేసుకునేది ఒకటి. మెత్తటి చెప్పులు. దువ్వెన, తువ్వాలు, చిన్న సబ్బుపెట్టె. కళ్లజోడు. సగం నింపిన గళ్ల నుడికట్టు పుస్తకం, ఆగిన చోట పెన్సిలు.

ఆమె రాస్తూ రాస్తూ ఆగిపోయింది. ఏదో తక్కువైంది. మళ్లీ తడిమింది. ఆడమనిషి సంచీలో ఎప్పుడూ ఉండేవి లేవు. మొగుడి మాత్రలు లేవు. పిల్లల స్వెట్టరు లేదు. ఎవరికో ఇవ్వాల్సిన పొట్లం లేదు. అన్నీ ఆవిడవే. పందొమ్మిదేళ్లుగా ఇన్ని వేల పెట్టెలు తెరిచింది గాని, ఇలాంటిది చూడలేదు. ఆ సంచీని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని అలా నిలబడిపోయింది. చేతుల్లో ఏమీ లేనట్టుంది. కాళ్ల కింద నేల కొంచెం దిగినట్టుంది, లేకపోతే తనే కొంచెం లేచినట్టుంది.

"ఏంటి తల్లీ, బంగారమా?" అన్నాడు బాబాయ్.

"అంతకంటే ఎక్కువే బాబాయ్."

లోపలి జేబులో మడతపెట్టిన కాగితం మీద ఫోన్ నంబరు ఉంది. బయటి ట్యాగు చిరిగిపోయింది, పోయిందని ఎవరూ రాసివ్వలేదు, అందుకే ఇన్నాళ్లూ మనిషి దొరకలేదు. ఫోన్ చేస్తే ఒక పెద్దావిడ ఎత్తింది. ఆమె విషయం చెప్పింది.

"అది ఇంకా ఉందా అమ్మా?" అంది ఆవిడ.

మర్నాడు రెండు బస్సులు మారి ఒక్కతే వచ్చింది. దర్జీపని చేస్తుందట, చూపుడువేలి మీద సూది గుచ్చుకున్న గుర్తులు నల్లగా ఉన్నాయి. సంతకం పెడుతూ, అడక్కుండానే చెప్పింది. "ఆరు పెట్టెలొచ్చాయమ్మా ఆ రోజు. నాదొక్కటే రాలేదు. రాయించి వస్తానంటే మా ఆయన, 'నీదొక్కదానిదేగా, పోతే పోయింది, అవతల బండి వెయిటింగు' అన్నాడు. అదీ నిజమే. బండి వెయిటింగే." సంతకం కింద తేదీ వేసి, "తర్వాత మూడు నెలల్లో ఒక్కళ్లు కూడా నా సంచీ ఊసెత్తలేదు. మీరే మొదట," అంది.

సంచీలోంచి నుడికట్టు పుస్తకం తీసి, పెన్సిలు ఉన్న పేజీ తెరిచి, కౌంటరు మీద ఆనించి నిలబడే నాలుగు గళ్లు నింపింది. "ఇది బస్సులో తట్టింది," అని నవ్వి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఆవిడ నడిచి వెళ్తుంటే వెనకనించి చూసిన వాళ్లెవరూ ఆవిడకి అరవై దాటాయనుకోరు.

అప్పట్నుంచి ఆమెకొక కల రావడం మొదలైంది. బెల్టు దగ్గర నిలబడి ఉంటుంది. రబ్బరు పరదాల్లోంచి ఒక్కొక్క పెట్టే వస్తుంది. ఆయనది, అత్తగారిది, ఆడపడుచుది, ఎప్పుడో పోయిన మామగారిది. అన్నీ ఎత్తి ఎత్తి బండిలో పెడుతుంటుంది. తనది రాదు. అందరూ వెళ్లిపోతారు, దీపాలు ఒక్కొక్కటే ఆరుతుంటాయి, బెల్టు మాత్రం తిరుగుతుంటుంది. చూసి చూసి తనే ఎక్కి కూర్చుంటుంది. రబ్బరు పరదాలు మొహాన్ని చల్లగా నిమురుతాయి. అవతల ఏముందో కనబడేలోపల పాలవాడు బెల్లు కొడతాడు.

కిందటి నెల ఆమె ఒక చిన్న సంచీ కొనుక్కుంది. ఇంటికి తేలేదు, ఇదెందుకని ఎవరో ఒకరు అడుగుతారు. ఆఫీసు బీరువాలో పెట్టుకుంది. భోజనం వేళలో ఒక్కొక్క వస్తువూ అందులో వేసి తూకం మీద పెట్టి చూసుకోవడం ఆటగా మారింది. దువ్వెన. చెప్పులు. తువ్వాలు. రెండు పెన్సిళ్లు. రాత్రి బట్టలు. నాలుగు కిలోలు దాటలేదు. ఒక మనిషి ఇంతేనా అని మొదట భయం వేసింది. తర్వాత ఇంతే చాలా అని నవ్వొచ్చింది. ఇంక దానిలో చేరాల్సింది ఆ బూడిదరంగు జత ఒక్కటే.

ఆ జత ఇప్పుడు గిన్నెల మధ్య ఉంది.

గోరు కింద పాత ట్యాగు సగం ఊడింది. ఆమె చెయ్యి ఆగింది. ఇక్కడే వదిలేస్తే? నల్లగీతలు ఇంకా సగం కనబడుతూనే ఉన్నాయి. కొత్త ట్యాగుని కొంచెం మడత పడేలా కడితే చాలు, ఈ గిన్నెలూ కర్టెన్లూ గోడ గడియారమూ ఏ ఊరో వెళ్లిపోతాయి. తను బెల్టు దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగకుండా నడిచి వెళ్లిపోవచ్చు. పెట్టె పోయిందిట అంటే ఎవరేమంటారు? పెట్టెల్ని పోగొట్టే మార్గాలు ఆమెకి పన్నెండు తెలుసు. పన్నెండూ పద్ధతైనవే, ఒక్కటీ బయటపడదు. అత్తగారి కాళ్లు ఊగుతున్నాయి. భర్త ఫోన్ చూసి నవ్వుకుంటున్నాడు. గదిలో ఎవరికీ తెలియకుండా ఆమె ఒక నేరం అంచున కూర్చుని ఉంది.

అప్పుడు అవతలి ఊళ్లో కౌంటరు గుర్తొచ్చింది. అక్కడా తనలాంటిదే ఒకతి ఉంటుంది. ఈ పెట్టె కోసం మూడు వారాలు ఫోన్లు చేస్తుంది, ఆడపడుచు చేత తిట్లు తింటుంది, భోజనం డబ్బా మూత తెరవకుండానే పక్కన పెట్టేస్తుంది. పెట్టెని పోగొట్టడమంటే ఇంకొక ఆడదాని నెత్తిన పెట్టడమే. ఆమె ట్యాగు మొత్తం గీకేసి, జిగురు కూడా తడిగుడ్డతో తుడిచేసింది.

పెట్టె మూశాక భర్త లేచి వచ్చి తాళం చక్రాలు తిప్పాడు.

"నంబరెంతండీ?"

"నీకెందుకు? చెల్లికి ఫోన్లో చెప్పేశా. నీకు చెబితే దార్లో ఎక్కడో తెరిచి, మళ్లీ సర్దడానికి కూర్చుంటావ్."

పొద్దున టాక్సీ ఎక్కించి, కిటికీలోంచి వంగి, "జాగ్రత్త," అన్నాడు. ఆమె మనసు ఒక్క క్షణం మెత్తబడింది. "గాజు మూతలున్నాయి," అన్నాడు.

చెకిన్ కౌంటరు దగ్గర ఉన్నమ్మాయి రోజూ కనబడే పిల్లే. "అక్కా! మీరు అవతలి వైపా ఇవాళ? రండి రండి, పెట్టె వెయ్యండి."

ఆమె పెట్టెని తూకం పక్కదాకా తెచ్చింది. వెనకాల చిన్న బెల్టు, దాని చివర రబ్బరు పరదాలు. కలలో చూసినట్టే ఉన్నాయి, కొంచెం మురికిగా. ఫోన్ మోగుతోంది, ఆడపడుచు. ఎత్తలేదు.

అమ్మాయి కంప్యూటరు చూస్తూ, రోజుకి మూడొందల సార్లు అడిగే ప్రశ్నని అలవాటుగా అడిగింది. "పెట్టె మీరే సర్దుకున్నారా? ఇందులోవన్నీ మీవేనా?"

"సర్దింది నేనే."

"ఆఁ. అన్నీ మీవేనా?"

అవునని ఒక్క మాట. వెనకాల వరసలో జనం ఉన్నారు. ఇరవై ఏళ్లుగా ఎన్నిసార్లు అందో ఆ మాట, ఎన్ని కౌంటర్ల దగ్గర. అవునమ్మా, మావే, మావే. ఇప్పుడు నోరు తెరిచింది గాని, ఆ మాట రాలేదు. తన గొంతు ఎక్కడో నీళ్ల అడుగునించి వస్తున్నట్టు వినబడింది.

"కాదమ్మా. నావి కావు."

అమ్మాయి తల ఎత్తింది. "అక్కా, అలా అంటే నేను పెట్టె తీసుకోకూడదు. మీకు తెలుసుగా రూలు."

"తెలుసు," అంది ఆమె. ఉన్నట్టుండి చాలా హాయిగా అనిపించింది, ఎండాకాలం తలుపు సందులోంచి గాలి వచ్చినట్టు. "తీసుకోకు. బోర్డింగ్ పాసు మాత్రం ఇచ్చెయ్."

ఎనిమిదిన్నర. సూట్‌కేసు లాక్కుంటూ సొంత ఆఫీసులోకి వెళ్లింది. తాళాల బాబాయ్ టీ కప్పు మీదనించి చూశాడు.

"ఏంటి తల్లీ, చివరికి నువ్వు కూడా పెట్టె పోగొట్టుకున్నావా?"

"పోలేదు బాబాయ్, మిగిలిపోయింది. ఫారం తియ్యి. యజమాని తెలిసిన సామాను."

అలాంటి ఫారం ఒకటుంది. ఎవరిదో తెలిసి, ఎవరూ తీసుకెళ్లకుండా ఉండిపోయిన పెట్టెని ఐదు రోజులు అరలో ఉంచి, యజమానికి ఫోన్ చేసి పిలుస్తారు. బాబాయ్ కళ్లజోడు సర్దుకున్నాడు. ఆమె మొహం చూశాడు, పెట్టె చూశాడు, ఫారం ముందుకి లాక్కున్నాడు.

"యజమాని?"

ఆమె భర్త పేరూ నంబరూ చెప్పింది.

"లోపల?"

"దుప్పటి ఒకటి. కర్టెన్లు ఆరు, నీలం పూలవి. గిన్నెలు ఏడు, మూతలు ఐదు. గోడ గడియారం, బ్యాటరీ లేదు. పిల్లాడి బూట్లు రెండు జతలు." గాలి పీల్చుకోకుండా చెప్పింది.

బాబాయ్ కలం ఆపాడు. "నీవేమైనా ఉన్నాయా అందులో?"

"ఒక జత. గిన్నెల మధ్య. తాళం నంబరు నాకు తెలీదు బాబాయ్, ఆయన చెప్పలేదు."

ఆయన పెట్టె మీదికి వంగి, చక్రాల మీద బొటనవేలు ఆనించాడు. అర నిమిషం కూడా పట్టలేదు. తాళం క్లిక్‌మంది. బాబాయ్ భుజాలు ఊగుతున్నాయి, నవ్వు ఆపుకోలేక.

"ఏమైంది?"

"సున్నా సున్నా సున్నా. కొన్ననాటి నంబరే తల్లీ. మార్చనే లేదు!"

ఆమెకి నవ్వొచ్చింది. ముందు చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకునేలాగ. నవ్వుతూనే మోకాళ్ల మీద కూర్చుని గిన్నెల మధ్యనించి బూడిదరంగు జతని లాగింది. అది అంత తొందరగా రాలేదు. ఒక గిన్నె చుట్టూ చెయ్యి, ఒక గిన్నె కింద కాలర్, ఒక మూత కింద అంచు. ఒక్కొక్కటీ విడిపించుకుంటూ లాగాల్సొచ్చింది. మొత్తం బయటికొచ్చేసరికి గిన్నెలు ఒకదాంట్లోకి ఒకటి జారి గణగణమన్నాయి. ఆ చప్పుడు గదంతా తిరిగి, అరల మీద నిద్రపోతున్న పెట్టెల్ని ఒక్కసారి కదిపినట్టయింది.

"ఇంక చప్పుడు చేస్తాయి తల్లీ ఇవి," అన్నాడు బాబాయ్.

"చెయ్యనీ."

ఆఫీసు బాత్రూంలో బట్టలు మార్చుకుంది. ముడతలు పడ్డాయి. గిన్నెల అంచులు పడిన చోట గుండ్రటి గీతలు, నీళ్లలో రాయి వేస్తే లేచే వలయాల్లాగ. అద్దంలో చూసుకుని, తడిచేత్తో కాలర్ ఒక్కటే సర్దుకుంది. బీరువాలోంచి చిన్న సంచీ తీసి, విడిచిన బట్టలు అందులో పెట్టుకుంది. పరీక్ష కాగితం పైజేబులో. సంచీ లోపల తన పేరూ తన నంబరూ రాసిన కాగితం ముందే ఉంది. అలవాటుగా తూకం మీద పెట్టింది. ఐదు కిలోల నూట యాభై.

గేటు దగ్గర వరసలో ఉండగా ఫోన్ మోగింది. భర్త. ఈసారి ఎత్తింది.

"ఏమోయ్! ఎవడో నీ ఆఫీసునించేట, నా పెట్టె అక్కడుంది వచ్చి తీసుకెళ్లమంటాడు! ఏం జరుగుతోంది అక్కడ? నువ్వెక్కడున్నావ్?"

"విమానం ఎక్కుతున్నానండీ."

"పెట్టె లేకుండానా? చెల్లెలికేం చెప్పను? పైగా వాడు, యజమాని మీరేనని నమ్మకం ఏంటి, లోపల ఏమున్నాయో చెప్పండి అంటున్నాడు. నాకెలా తెలుస్తుంది? సర్దింది నువ్వాయె! త్వరగా చెప్పు, రాసుకుంటా. ఏమున్నాయి అందులో?"

వరస కదిలింది. ఎదురుగా అద్దం గోడ అవతల విమానం, దాని కడుపు తెరిచి ఉంది. పెట్టెలు ఒక్కొక్కటే బెల్టు ఎక్కి లోపలికి వెళ్తున్నాయి. అంత దూరంలో అవి బొమ్మల్లాగ, చప్పుడు లేకుండా, బరువు లేకుండా పోతున్నాయి. కాసేపు అవే చూస్తూ ఉండిపోయింది.

"వింటున్నావా? ఏమున్నాయి?"

"నావైతే ఏం లేవండీ," అంది ఆమె. "మిగతావి మీరే తెరిచి చూసుకోండి. నంబరు మీకు తెలుసుగా."

ఫోన్ కట్టేసి పైజేబులో పెట్టుకుంది.

విమానంలో ఆమె నిద్రపోలేదు గాని, మెలకువగానూ లేదు. కిటికీ కింద మబ్బులు ఎవరో ఉతికి ఆరేసి మడత పెట్టడం మర్చిపోయిన దుప్పట్లలాగ పరుచుకుని ఉన్నాయి. వాటిని ఎవరు మడతపెడతారో అనిపించింది. తర్వాత, తను పెట్టనక్కర్లేదని గుర్తొచ్చి కళ్లు మూసుకుంది. భయం లేకపోలేదు. నాలుగు రోజుల తర్వాత తిరిగి వెళ్లాల్సిన ఇల్లు అదే. ఆ గుమ్మం అదే. కానీ భయానికి కూడా సంచీలో కొంచెం చోటే ఉంది. అది అందులో ఒక మూలన ఒద్దికగా కూర్చుంది.

పదకొండూ యాభై రెండుకి దిగింది. సామాన్ల హాల్లో బెల్టు ఇంకా కదలలేదు. విమానం దిగిన వాళ్లంతా చేతులు కట్టుకుని రబ్బరు పరదాల వైపే చూస్తూ నిలబడ్డారు. ముందు వరసలో ఒకావిడ, చంకలో పిల్ల, చేతిలో మొగుడి కోటు, మెడ చాచి చూస్తోంది. ఆవిడ పక్కనించి వెళ్తూ ఆమె ఒక్క క్షణం ఆగింది.

"నలభై నిమిషాలు పడుతుంది," అంది. "అలా కూర్చోండి. ఆ కోటు ఆయనకిచ్చెయ్యండి."

ఆవిడ తెల్లబోయి చూసింది. తర్వాత తన చేతిలోని కోటు వైపు, మొదటిసారి చూసినట్టు, చూసుకుంది.

పన్నెండూ పన్నెండుకి పెద్దాఫీసు మెట్లెక్కింది. తలుపు దగ్గర కుర్చీ వేసుకున్న గార్డు ఆమె కాగితం చూశాడు, ముడతలు పడిన బట్టలు చూశాడు, భుజాన ఉన్న సంచీ చూశాడు.

"సామాను ఎక్కడైనా పెట్టొచ్చారామ్మా?" అని అడిగాడు.

"పెట్టే వచ్చాను," అంది ఆమె. "ఎవరిది వాళ్లకి."